చేవెళ్ల రోడ్డు మీద పడ్డాక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. హైదరాబాదులో సైకిల్ తొక్కేవాళ్లకి అసలు కాలం అప్పుడే మొదలవుతుంది. తెల్లవారుజామున స్వెటర్ అక్కర్లేదు. ఎండ ఇంకా ముదరలేదు. ఉగాది దాటిందంటే ఎనిమిదింటికే తారు వేడెక్కుతుంది. ఈ మధ్యలో దొరికే నెల రోజులే మా వసంతం.

నేను పందేలకు వెళ్లే మనిషిని కాను. ఆఫీసు ఉద్యోగం, నలభై దాటిన వయసు. ఆ నెలలో మూడు రకాలుగా తొక్కేవాణ్ణి. శనివారాలు మా గుంపుతో గండిపేట వైపు. సెలవు రోజుల సాయంత్రాలు నా భార్య, కూతురితో నెక్లెస్ రోడ్డు. ఆదివారాలు ఒంటరిగా చేవెళ్ల రోడ్డు. మూడింట్లో ఒంటరిగా వెళ్లడమే నాకు ఎక్కువ ఇష్టం. ఎవరి వేగానికీ సర్దుకోనక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్ మీదుగా మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ. ఓపిక ఉంటే వికారాబాద్ దాటి, మూసీ పుట్టే అనంతగిరి కొండల దాకా. దారి పొడవునా మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్లలో 2024 నాటికి దాదాపు 900 చెట్లుండేవి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయకుండా ఆపడానికి జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వికారాబాద్ దగ్గరయ్యేసరికి మోదుగు చెట్లు కనిపిస్తాయి. ఆకు ఒక్కటి ఉండదు, కొమ్మంతా ఎర్రటి పువ్వే. ఫాల్గుణంలో ఆ చెట్లను చూడటానికే చాలా ఏళ్లు ఆ దారిన వెళ్లాను.

2024 మార్చి 10 ఆదివారం. శివరాత్రి వెళ్లిన మూడో పొద్దు, అమావాస్య. ఇంకా చీకటిగానే ఉంది. ముందు లైటు వెలుగుతోంది, వెనక ఎర్ర లైటు వెలుగుతోంది, తలకు హెల్మెట్ ఉంది. మొయినాబాద్ దాటాను. ఒక మర్రిమాను వెనక నుంచి రెండు కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటూ రోడ్డు మీదికి వచ్చాయి. మొదటిది దాటిపోయింది. రెండోది ముందు చక్రానికి తగిలింది. దాని అరుపు విన్నాను. తర్వాత ఎడమ భుజం మీద పడ్డాను.

స్పృహ పోలేదు. అదే ఆ రోజు నాకు అన్నిటికన్నా కష్టమైంది. లేవబోయాను, ఎడమ చెయ్యి రాలేదు. ఊపిరి పీల్చాను, లోపలికి పోలేదు. పైపైన కొంచెం ఆడుతోంది, అంతే. కేక వేద్దామంటే కేకకు సరిపడా గాలి లేదు. పడింది తారు రోడ్డు అంచున. వెనక లారీ వస్తే నన్ను చూస్తాడా అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది. భార్యా పిల్లా గుర్తుకు రాలేదు. దేవుడూ గుర్తుకు రాలేదు. పక్కకు దొర్లాలనుకున్నాను, దొర్లలేకపోయాను. భయానికి బట్టలు తడిసిపోయాయి. ఈ సంగతి చాలాకాలం ఇంట్లో చెప్పలేదు. రేపు ఇలాంటిది ఎవరికైనా జరిగితే, తమ ఒక్కరికే అలా జరిగిందనుకోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

రెండు బండ్లు వేగం తగ్గించి, చూసి, వెళ్లిపోయాయి. వాళ్లను తప్పుపట్టను. పోలీసులు, కోర్టులు అన్న భయం మనందరికీ ఉన్నదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షన్ ఉందని నాకే తర్వాత తెలిసింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాణ్ణి మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చిన మనిషి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. నా దగ్గర ఆగినవాళ్లకూ ఆ చట్టం తెలియదు. తెలియకుండానే ఆగారు.

అది బంతిపూల గంపలతో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతున్న ఆటో ట్రాలీ. భార్యాభర్తలు, ఇద్దరూ యాభై దాటినవాళ్లు. ఆయన ముందుగా బండిని నా వెనకాల అడ్డంగా నిలిపి, లైట్లు వేసే ఉంచాడు. ఆ పని చేశాకే నా దగ్గరికి వచ్చాడు. లారీ భయం తీరింది అప్పుడే.

“సారూ, ఏం గాదు. ఊపిరి మెల్లగ తీస్కోండ్రి” అన్నాడు.

నేను నీళ్లు అడిగినట్టున్నాను. ఆమె వద్దంది. “ఇప్పుడే నీళ్లొద్దు బిడ్డా. దవఖానల అడిగి తాగుదువు.” పడుకుంటే నాకు ఊపిరి మరీ ఆడటం లేదని ఆమే కనిపెట్టింది. కదిలించొద్దని ఆయన అంటున్నా, నా తల, మెడ కదలకుండా పట్టుకుని, తన మోకాళ్లకు ఆన్చి కొంచెం పైకి లేపింది. ఎడమ చెయ్యి వేలాడకుండా తువ్వాలుతో ఛాతీకి కట్టింది. ఆయన 108కి ఫోన్ చేశాడు. ఫోను నా జెర్సీ వెనక జేబులో ఉందని సైగ చేస్తే తీసి, నా బొటనవేలు దానిమీద పెట్టించి, “ఎవరికి చెయ్యాలె?” అని అడిగాడు. పేరు చెప్పడానికి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

అంబులెన్స్ వచ్చేదాకా వాళ్లు కదల్లేదు. పూల మార్కెట్‌లో తెల్లారకముందే మంచి ధర. ఎండ ఎక్కేకొద్దీ పడిపోతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. నా సైకిల్‌ను గంపల మీద పెట్టుకుని తీసుకెళ్లి, తర్వాత తమ ఇంట్లో దాచారు.

దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, ఎక్స్‌రే తీసి, వెంటనే నగరానికి పంపించారు. అక్కడి డ్యూటీ డాక్టరమ్మాయి చాలా చిన్నది. ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి నాకు చూపించింది. ఎడమ కాలర్ బోన్ మధ్యలో విరిగింది. పక్కటెముకలు మూడు విరిగాయి. వాటిలో ఒకదాని కొన లోపలి పొరను చీల్చింది. ఊపిరితిత్తి నుంచి గాలి కారి, దానికీ ఛాతీ గోడకీ మధ్య చేరింది. అందుకే ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. దీన్ని న్యూమోథొరాక్స్ అంటారంది. “గాలి బయటికి తీసేస్తే అది మళ్లీ విచ్చుకుంటుంది సర్” అంది. అలా విడమరిచి చెప్పకపోతే ఆ గంట ఎలా గడిచేదో నాకు తెలియదు.

నగరంలోని ఆసుపత్రికి చేరేసరికి నా భార్య గుమ్మం దగ్గరే ఉంది. నన్ను చూసి ఏడవలేదు. స్ట్రెచర్ పక్కనే నడుస్తూ, నా కుడిచేతి చిటికెన వేలు పట్టుకుంది. ఏడ్చింది నేను.

ఆ మధ్యాహ్నం చంక కింద మత్తు సూది వేసి, ఎముకల సందులోంచి గొట్టం దించారు. చర్మం మొద్దుబారింది కానీ లోపలికి నెడుతున్న ఒత్తిడి తెలుస్తూనే ఉంది. “అయిపోయింది, అయిపోయింది” అంటూ ఒక సిస్టర్ నా తల నిమిరింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నదై ఉంటుంది. వద్దని అనలేదు. ఆ చెయ్యి తీసేయకూడదనే అనుకున్నాను.

గొట్టం రెండో కొస మంచం పక్కన నేలమీదున్న సీసాలో, నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలి గాలి నీళ్లలోంచి బుడగలుగా బయటికి పోతుంది. బయటి గాలి లోపలికి రాలేదు. ఊపిరి పీల్చినప్పుడు గొట్టంలో నీటి మట్టం లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. మొదటి రాత్రి నిద్ర లేదు. ఆ మట్టాన్నే చూస్తూ పడుకున్నాను. అది ఒక క్షణం ఆగినట్టనిపిస్తే చాలు, బెల్లు నొక్కేవాణ్ణి. ఆ రాత్రి సిస్టర్‌ను ఎన్నిసార్లు పిలిచానో. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వచ్చి, చూసి, “బాగానే ఆడుతోంది సార్” అని చెప్పి వెళ్లేది.

రెండో రోజు లేచి నడవమన్నారు. సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి, ఒరగకూడదు. బాత్రూముకు వెళ్లాలంటే నా భార్య ఆ సీసా పట్టుకుని పక్కన నడవాలి, లోపలికి కూడా రావాలి. పదిహేడేళ్ల కాపురంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆమె గోడకేసి తిరిగి, ఆఫీసులో లీవు ఎలా పెట్టిందో, కూరగాయలెవరు తెస్తున్నారో చెబుతూ నిలబడేది. నా సిగ్గు నాకు తగ్గాలనే మాట్లాడుతోందని తెలుస్తూనే ఉండేది.

దెబ్బ కన్నా దగ్గు బాధించింది. విరిగిన పక్కటెముకలకు కట్టు కట్టరు. వాటంతట అవి అతకాలి. నొప్పికి భయపడి మనం పైపైన ఊపిరి తీస్తాం. అలా తీస్తే కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుందట. అందుకని దగ్గమంటారు. దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గడం ఫిజియోథెరపిస్టు నేర్పింది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు చెయ్యమనేది. మొదటిసారి చేసినప్పుడు కళ్లు బైర్లు కమ్మాయి. తర్వాతిసారికి ఆమె వచ్చే వేళకు నిద్రపోయినట్టు నటించాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. లేచేదాకా వెళ్లలేదు.

ఇంకొకటి, మూడు బంతుల స్పైరోమీటర్. ప్లాస్టిక్ డబ్బాలో మూడు గదులు, ఒక్కో గదిలో ఒక్కో బంతి. పైన 600, 900, 1200 అని ఉంటుంది. సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లాగుతున్నామో చెప్పే అంకెలవి. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు లేవాలి. అంతకు ముందు వారం గుంపుతో గండిపేట చుట్టి వచ్చినవాణ్ణి. మొదటి బంతి కూడా కదల్లేదు. బయట కూర్చున్న మా అమ్మకు కనబడకుండా దాన్ని దుప్పటి కింద పెట్టేశాను. సాయంత్రం నా కూతురు వచ్చి బయటికి తీసింది. అప్పుడు దానికి పదకొండేళ్లు. “నాన్నా, నేను లెక్కపెడతాను, నువ్వు లాగు” అంది. బడి నుంచి రోజూ నేరుగా ఆసుపత్రికి వచ్చేది. మొదటి బంతి దానికోసమే లేచిందనుకుంటాను.

బుడగలు ఆగాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుంది. మర్నాడు గొట్టం తీశారు. గట్టిగా ఊపిరి బిగపట్టమని, ఒక్క లాగులో లాగి, వెంటనే కట్టు వేశారు. ఆ వారాంతానికి ఇంటికి పంపారు. కాలర్ బోన్‌కు ఆపరేషన్ అక్కర్లేదు, చేతిని జోలెలో వేసి ఉంచితే అతుకుతుందన్నారు.

ఇంట్లో పడుకోలేకపోయాను. వాలు కుర్చీలో కూర్చునే నిద్ర. లుంగీ ముడి వేసుకోలేను. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. కుడిచెయ్యి బాగానే ఉంది, నేను తినగలను. కానీ కంచం ఒళ్లో నిలవదు, వంగితే నొప్పి. డెబ్బై ఏళ్ల మనిషి చేత తినిపించుకుంటున్నందుకు కొన్నిసార్లు ఆమె మీదే కోపం తెచ్చుకున్నాను. ఆమె ఏమీ అనేది కాదు. ఇంకో ముద్ద పెట్టేది.

హోలీ రోజు మా గుంపువాళ్లు వచ్చారు. రంగుల చేతులతోనే వచ్చి, నా సైకిల్ గురించి, విరిగిన హ్యాండిల్ గురించి మాట్లాడారు. త్వరగా వచ్చెయ్యమన్నారు. సరేనన్నాను. వాళ్లు వెళ్లాక చెమటలు పట్టాయి. సైకిల్ మళ్లీ ఎక్కగలనని నాకు అనిపించడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఉగాది ఏప్రిల్ 9న. ముందు రోజు ఆ పూల ఆటో దంపతుల ఇంటికి కారులో వెళ్లాం. ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్న ధర ఎంతో లెక్కగట్టి ఇద్దామని నేను డబ్బు పట్టుకెళ్లాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “పండుగకొచ్చిన్రు, పైసలెందుకు?” అన్నాడు. మేం తీసుకెళ్లిన మిఠాయి మాత్రం ఆమె తీసుకుంది. నా భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు నిలబడింది. సైకిల్ వాళ్ల పశువుల కొట్టంలో, గోనెసంచి కప్పి, గోడకు ఆనించి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. అక్కడ ఒక కుక్క ఉంది, ముసలిది, పడుకునే ఉంది. అది తల ఎత్తగానే నేను వెళ్లి కారులో కూర్చున్నాను. వాళ్లందరూ చూశారు.

ఎముక జూన్ నాటికి అతికింది. భయం పోలేదు. పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లినా, కుక్క మొరిగితే కాళ్లు ఆగిపోయేవి. గుంపువాళ్లు పిలిస్తే వానలన్నాను, పనులన్నాను. వానలు ఆగాక ఇంకేదో అన్నాను. బిగుసుకుపోయిన భుజాన్ని దారికి తెచ్చింది ఆ ఫిజియోథెరపిస్టే. గోడ మీద వేళ్లతో పైకి పాకించేది. అంతకు ముందు రోజు వేలు ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేది. ఒకసారి ఆమె అడిగితే నిజం చెప్పాను, సైకిల్ అంటే భయంగా ఉందని. “భుజం సంగతి నేను చూసుకుంటాను. దానికి మాత్రం ఎవరినైనా వెంట తీసుకెళ్లండి” అంది.

వెంట వచ్చింది ఇంట్లోవాళ్లే. దసరా సెలవుల్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీదికి వెళ్లాం. 2023 అక్టోబరులో మొదలైన ట్రాక్ అది. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. బండ్లు లోపలికి రావు. ముందు కూతురు, మధ్యలో నేను, వెనక నా భార్య. ఒక ప్లాస్టిక్ కవరు గాలికి చక్రాల ముందు నుంచి కొట్టుకుపోయింది. రెండు బ్రేకులూ పట్టేసి దిగిపోయాను. చేతులు వణుకుతున్నాయి. నా భార్య దిగి, నా సైకిల్ కూడా పట్టుకుని నిలబడింది. కూతురు చాలా దూరం పోయి, వెనక్కి వచ్చి, ఏమైందని అడగకుండా నీళ్ల సీసా ఇచ్చింది. కాసేపు నడిచి, మళ్లీ ఎక్కాం. ఆ తర్వాత చలికాలమంతా అక్కడికే వెళ్లాం. వాళ్లిద్దరికీ ఆదివారం నిద్ర ఎంత ఇష్టమో నాకు తెలుసు.

సంక్రాంతి వెళ్లాక గుంపులో కలిశాను. మా గుంపుకి పెద్దదిక్కు రైల్వేలో రిటైరైన ఒకాయన. అందరం అన్నా అంటాం. నేను ఏమీ చెప్పకముందే నన్ను ఆయన తన చక్రం వెనక పెట్టుకున్నాడు. గుంపులో ముందువాళ్లు గుంత కనిపిస్తే చేత్తో చూపిస్తారు, కుక్క కనిపిస్తే అరుస్తారు. ఆ అరుపు విన్న ప్రతిసారీ నేను ఆగేవాణ్ణి. అందరూ ముందుకు పోతే అన్న నాతో ఆగేవాడు. “వాళ్లు చాయ్ దగ్గర ఆగుతార్లే” అనేవాడు. ఆయన సగటు వేగం ఆ రెండు నెలలూ నా వల్లే పడిపోయింది.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ఆ ఆదివారం ఒంటరిగా బయల్దేరాను. ఈసారి పూర్తిగా తెల్లవారాకే. నా భార్య వద్దనలేదు. రాత్రి తను నిద్రపోలేదని నాకు తెలుసు, నేనూ పోలేదు. మొయినాబాద్ దాటాక ఆ మర్రి దగ్గరికి రాకముందే దిగి నడిచాను. మాను దాటాక ఎక్కాను. చేవెళ్లలో టీ తాగి, ఇంటికి ఫోన్ చేసి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అక్కడ దిగాను. ఇప్పటికీ అక్కడ దిగుతాను.

అనంతగిరి ఒంటరిగా వెళ్లలేదు ఇంకా. అన్నతో, గుంపుతో ఫాల్గుణంలో ఒకసారి ఎక్కాను. మోదుగు పూసే ఉంది. ఊపిరితిత్తి బాగానే పనిచేస్తోందని డాక్టరు అన్నది నిజమేనని ఆ ఎత్తు మీద తెలిసింది. లోతుగా పీల్చినప్పుడు ఎడమ పక్కన చిన్నగా పొడిచినట్టుంటుంది, అది ఉండిపోతుందట.

మీలో ఎవరికైనా పక్కటెముకలు విరిగితే, దిండు దగ్గర పెట్టుకోండి. దగ్గుకు ముందు మాత్ర వేసుకోండి, డాక్టరు చెప్పినంతే. ఫోను లాక్ తియ్యకుండానే ఇంటివాళ్ల నంబరు కనబడే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. నా బొటనవేలు ఆ రోజు పనిచేసింది కాబట్టి సరిపోయింది. సైకిల్ చూస్తే భయమేస్తుంటే ఆ మాట ఇంట్లో ఒకరికి చెప్పండి. నేను జూన్‌లో చెప్పగలిగింది ఫిజియోథెరపిస్టుకు మాత్రమే. నా భార్యకు అక్టోబరులో, ఆ ట్రాక్ మీద చేతులు వణుకుతుంటే చెప్పాను. తనకు ఏప్రిల్ నుంచే తెలుసంది.